తలూపిన పాపానికి

పొద్దున్నే పొక్లెయిన్ వచ్చి మా ఊరి కాలువ గట్టును తవ్వేసింది. హైరీ పరుగున వెళ్ళేసరికి, తాతముత్తాతలు రాళ్ళు పేర్చి కట్టిన ఆ కాలువ బురదగుంటై ఉంది. మొక్కజొన్న కంకులకు అప్పుడే పీచు వస్తోంది. ఇంకో రెండు తడులు లేకపోతే గింజ పట్టదు, చలికాలం ఆవులకు మేతా ఉండదు. ఏరు మొత్తం లావుపాటి గొట్టంలోకి మళ్ళి, కింద లోయలో కరెంటు తీసే కంపెనీకి పోతుందట.

"ఎవర్నడిగి తవ్వుతున్నారు?" అంది హైరీ.

కంపెనీ మేనేజరు పెట్రిత్ నవ్వి ఫోనులో వీడియో చూపించాడు. "మిమ్మల్నే అడిగాం పెద్దమ్మా. చూడు, ఊరంతా ఎంత చక్కగా తలూపారో."

అది వసంతంలో బడిలో జరిగిన మీటింగు. అప్పిచ్చే విదేశీ బ్యాంకు తరఫున ఒక దొరసాని వచ్చింది. ఒకప్పుడు ఆ బ్యాంకు వెనకున్న దేశాలవాళ్ళే మా ఊళ్ళో ఆస్పత్రి కట్టి నర్సమ్మకు జీతమిచ్చారు. తర్వాత అల్బేనియా పేదరికం దాటి మధ్యాదాయపు మెట్టు ఎక్కిందని తేల్చి జీతం ఆపేశారు. ఆస్పత్రికి తాళం పడింది. ఊళ్ళో ఎవరూ ఏ మెట్టూ ఎక్కలేదు. అయినా ఉచిత సాయానికి మేం మరీ ఉన్నవాళ్ళమైపోయాం, అప్పుకు మాత్రం సరిగ్గా సరిపోయాం.

"ఏటిని కంపెనీకివ్వడం మీకు సమ్మతమేనా?" అని దొరసాని అడిగింది. జనం తలలు పైకీ కిందికీ ఊపారు. మా కొండల్లో ఔనంటే తల అడ్డంగా ఆడుతుంది, కాదంటే నిలువుగా. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంతే. దొరసానికి అది తెలియదు. పక్కనున్న దుబాసీ గెంచ్‌కు తెలుసు. ఈ జిల్లాలోనే తల్లిపాలు తాగి పెరిగినవాడు. జీతం కంపెనీది గనక బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నాడు.

సాయంత్రం కాఫీ కొట్టు ముందు ఊరంతా చేరింది.

"వద్దని తలూపితే తీసుకోమన్నట్టా? కోర్టుకెళ్దాం," అన్నాడు బడిపంతులు బజ్రామ్.

"తీర్పొచ్చేసరికి నా మనవడికి పళ్ళూడతాయి," అన్నాడు ముసలి రమీజ్.

"దొరసానికి మన పద్ధతి తెలీదు పాపం," అన్నారెవరో.

హైరీకి ఒళ్ళు మండింది. "పాపమేంటి నీ మొహం. మన ఏటి లోతు కొలిచారు, నీళ్ళ వడి కొలిచారు. మనం వద్దంటే ఎలా ఉంటదో తెలుసుకోడానికి తీరిక లేదా? తెలిస్తే నష్టమని తెలుసుకోలేదు. రేపు దొరసాని పని చూడ్డానికొస్తోందట. ఎవ్వరూ తల కదపొద్దు. నోటితో చెబుదాం."

మర్నాడు పొక్లెయిన్ ముందు ఆడా మగా బారులు తీరి కూర్చున్నారు. దొరసాని ఏదో అడిగింది. గెంచ్ నేలచూపులు చూస్తూ, "ముందు మీరు ఒప్పుకున్నారు కదా అంటున్నారు," అన్నాడు.

హైరీ లేచింది. తల దానంతటదే ఊగబోయింది. పుట్టుకతో వచ్చిన అలవాటు ఊరికే పోతుందా? రెండు చేతులతో తలను గట్టిగా పట్టుకుని, "యో," అంది.

కాదనడానికి మా భాషలో ఉన్నది ఆ ఒక్క అక్షరమే. వెనకాల ఊరంతా అందుకుంది. యో, యో అని కొండ మారుమోగింది. దొరసాని రెండేళ్ళుగా మా రాజధానిలో ఉంటోంది, ఆ మాట మాత్రం ఆమెకు తెలుసు. మొహం పాలిపోయింది. గెంచ్ వైపు ఒకసారి చూసి, వెళ్ళి కారెక్కింది. తెలియక చేసినవాళ్ళను క్షమించవచ్చు. తెలిశాక కారెక్కినవాళ్ళను ఎలా క్షమిస్తాం?

కారు మలుపు తిరగ్గానే పోలీసులు దిగారు. తలగుడ్డ ఊడిపోయేలా లాగి హైరీని వ్యానులో పడేశారు. వ్యాను కదిలేదాకా ఆమె ఆ ఒక్క మాటే అంటూనే ఉంది.

పెట్రిత్ పొక్లెయిన్ డ్రైవరు బర్దోక్ వైపు తిరిగాడు. బర్దోక్‌ది పక్క ఊరు. వాళ్ళ ఏరు కిందటేడే గొట్టంలోకి పోయింది. పొలం ఎండిపోయాకే ఈ కూలికి వచ్చాడు.

"కానివ్వరా, బండి తియ్యి."

బర్దోక్ తల నిలువుగా ఊపాడు.

"తలూపుతావేంరా? నోరు లేదా?"

బర్దోక్ తాళంచెవి తీసి జేబులో వేసుకుని కిందికి దిగాడు. నడిచి వెళ్ళి, వరసలో హైరీ లేచిన చోట చతికిలబడ్డాడు.

"ఉంది," అన్నాడు. "యో."