ఆరు ఫ్లాట్ల వాన

మెట్ల పక్క గోడకు బెర్నార్డ్ ఓర్మరాడ్ అంటించిన కాగితం చదివేసరికి నోరీన్ టాటర్సాల్ చేతిలోని తాళంచెవులు జారి కింద పడ్డాయి.

గురువారం ఉదయం పది గంటలకు నీళ్ళ కంపెనీ నుంచి తనిఖీకి మనిషి వస్తుంది. హాలిన్ కోర్ట్ కప్పు మీద పడే వాన ఎక్కడికి పోతుందో రంగు పోసి తేలుస్తుంది. ఆరు ఫ్లాట్ల వాళ్ళూ హాజరు కావాలి. కింద బెర్నార్డ్ సంతకం. సంతకం కింద 'సంఘం అధ్యక్షుడు' అని పెద్ద అక్షరాలు.

గురువారానికి ఇంకా మూడు రోజులుంది. నోరీన్ ఫ్లాటు అమ్మకం పూర్తి కావడానికి ఎనిమిది రోజులుంది. ఆ రెంటి మధ్యలో ఉన్న అయిదు రోజులే ఆమె కొంప ముంచేలా ఉన్నాయి.

ఓల్డమ్‌లో వాన ఊరికే వస్తుంది. అది కంపెనీ కాలవలో పడితే మాత్రం డబ్బు కట్టాలి. ఆ రుసుము ఇంటికింత అని ప్రతి బిల్లులోనూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు బస్సుల టైమ్ టేబుళ్ళు వేసి రిటైరైన బెర్నార్డ్ రెండు నెలల క్రితం ఆ లైను చూశాడు. అప్పట్నుంచి అతనికి నిద్ర లేదు, మిగతావాళ్ళని నిద్రపోనివ్వలేదు. బట్టలు ఉతికే గదిలో మీటింగు పెట్టి కిటికీలోంచి ఎదురింటిని చూపించాడు. ఆ ఇంటికి మన భవనమంత కప్పు ఉంది, ముందు కార్లు నిలిపే రాతి వాకిలి ఉంది, అయినా బిల్లు ఒకటే అన్నాడు. మనకి కప్పు ఒకటి, బిల్లులు ఆరు. ఒకే వానకి ఆరుసార్లు ఎందుకు కడుతున్నాం అని అడిగాడు. పైగా ఆ వాన కాలవలోకే పోవడం లేదని తన అనుమానమన్నాడు. కాలవలోకి పోకపోతే రుసుము మొత్తం రద్దు, పాత బిల్లులకి కూడా వెనక్కి ఇస్తారు.

అతను చెప్పింది న్యాయమే. నోరీన్‌కి ఒళ్ళు మండింది అందుకే.

ఏడాదికి నాలుగు పూటల చేపలు, చిప్స్ తిండి ఖర్చుకోసం కంపెనీతో తగువెందుకని ఆమె ఆ రోజు అడిగింది. బెర్నార్డ్ కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"అమ్ముకుని వెళ్ళిపోయేదానివి, మా బిల్లు మీద నీకెందుకంత బెంగ?"

అందరూ నవ్వారు. అతను మాత్రం ఆమె మొహం మీంచి చూపు తిప్పలేదు.

నోరీన్ భయానికి కారణం కింది అంతస్తులో ఉన్న ఆమె పడగ్గది కిటికీ కింద ఉంది. నాలుగేళ్ళ క్రితం అక్కడ గులాబీ నాటబోతే పార పిడిదాకా దిగిపోయింది. లోపల ఇటుకలు, నీళ్ళు, బురద కంపు. పిలిస్తే వచ్చిన ప్లంబరు టార్చి వేసి చూసి ఈల వేశాడు. అరవై ఏళ్ళ క్రితం కట్టినవాళ్ళు కాలవ దాకా పైపు వేసే ఖర్చు మిగుల్చుకుని, మొత్తం కప్పు నీళ్ళని ఈ ఇంకుడు గుంతలోకి వదిలేశారన్నాడు. ఇప్పటి నిబంధన ప్రకారం అలాంటి గుంత గోడకి అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. ఇది రెండు అడుగులు వేస్తే వస్తుంది. అమ్మేటప్పుడు నోరు మెదపకండి అని నవ్వుతూ సలహా కూడా ఇచ్చాడు.

ఆమె గుంత మీద రాతిపలక కప్పించి, దాని మీద పూలకుండీలు పెట్టింది. పడగ్గది మూలలో ఉబ్బిన గోడకి బీరువా అడ్డం జరిపింది.

అమ్మకం కాగితాల్లో ఒక ప్రశ్న ఉంది: వాననీళ్ళు పబ్లిక్ కాలవలోకి పోతాయా? నోరీన్ 'అవును' మీద టిక్కు పెట్టింది. బెర్నార్డ్ నింపిన రాయితీ దరఖాస్తులోనూ అదే ప్రశ్న ఉంది. అతను 'కాదు' మీద పెట్టాడు. గురువారం నాడు ఎవరో ఒకరు అబద్ధాలకోరని తేలుతుంది.

అది తనే అయితే కొంటున్న సాదియా వెనక్కి పోతుంది. ఫ్లీట్‌వుడ్ సముద్రపు ఒడ్డున నోరీన్ మాట ఇచ్చి ఉంచిన టీకొట్టు కూడా పోతుంది. స్కూలు వంటగదిలో ఇరవై ఆరేళ్ళు ఇంకొకరు రాసిచ్చిన వంటలే వండింది. ఆ కొట్టులో ఏం వండాలో, ఎప్పుడు మూయాలో చెప్పేవాడు ఉండడు. నెలాఖరు దాటితే ఆగనని కొట్టు యజమాని చెప్పేశాడు.

మంగళవారం ఆమె ప్లంబింగ్ సామాన్ల దుకాణానికి వెళ్ళి, కాలవలు పరీక్షించే రంగు అడిగింది. కౌంటరు వెనక మనిషి చిన్న సీసా ఇచ్చాడు. అందరూ వాడేది ఇదేనన్నాడు. మూత తీస్తే పచ్చగా మెరిసింది.

గురువారం వాన లేదు. కంపెనీ నుంచి వచ్చిన మిస్ హోల్‌రాయిడ్ పొట్టిగా, లావుగా, ఎవరి మాటా వినే ఉద్దేశం లేనట్టు ఉంది. కార్లు ఆపే చోట మ్యాన్‌హోల్ మూత ఎత్తించింది. బకెట్టు పట్టుకుని భవనం వెనక్కి, కప్పు నీళ్ళు దిగే పైపు దగ్గరకి ఒంటరిగా వెళ్ళింది. జనం వెంట పడితే పని సాగదంది. బెర్నార్డ్, నాలుగో నంబరు గిలియన్, ఇంకో ముగ్గురు మ్యాన్‌హోల్ చుట్టూ నిలబడ్డారు.

నోరీన్ తన వంటింట్లో ఉంది. వెనకవైపు బకెట్టు చప్పుడు వినగానే సీసా సింకులో వంపి, కొళాయి పూర్తిగా తిప్పింది. చేతులు తుడుచుకుని, కాఫీ కప్పుతో తాపీగా బయటికి వచ్చింది.

నిమిషం గడిచింది. కింద పారుతున్న నీళ్ళు పచ్చబడ్డాయి. చూస్తుండగానే చిలకపచ్చ అయిపోయాయి.

గిలియన్ నిట్టూర్చింది. అయిపోయిందా, ఇక నా పని చూసుకోనా అని అడిగింది. బెర్నార్డ్ మొహం పాలిపోయింది. వంగి చూశాడు, లేచాడు, మళ్ళీ వంగాడు.

"నువ్వేసిన బస్సులు కూడా ఇంతే బెర్నార్డ్," అంది నోరీన్. "ఎక్కడికి పోతాయో నీకు తప్ప అందరికీ తెలిసేది."

మిస్ హోల్‌రాయిడ్ ఖాళీ బకెట్టుతో వెనకనుంచి వచ్చింది. మ్యాన్‌హోల్‌లోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత జేబులోంచి తన సీసా తీసి అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది.

"నేను పోసింది ఎర్రది."



పచ్చరంగు ఇప్పుడు ప్రతి దుకాణంలోనూ దొరుకుతోందని, అందుకే పోయిన ఏడాది నుంచి కంపెనీ వాడటం మానేసిందని ఆమె చెప్పింది. ఆరు ఫ్లాట్ల సింకులూ చూడాలంది. మొదట చూసిన నోరీన్ ఫ్లాటులోనే ఆగింది. స్టీలు సింకు అంచున పచ్చటి చార ఇంకా తడిగా ఉంది.

"పదిహేనేళ్ళుగా ఈ పని చేస్తున్నానమ్మా," అంది నోరీన్‌తో. "రాయితీ కోసం మోసం చేసినవాళ్ళని వందమందిని చూశాను. రాయితీ వద్దని మోసం చేసిన మనిషిని ఇవాళే చూస్తున్నా."

ఆ తర్వాత పావుగంటలో అంతా బయటపడింది. ఎర్ర నీళ్ళు మ్యాన్‌హోల్‌కి రాలేదు. మిస్ హోల్‌రాయిడ్ కుండీలు జరిపించింది, పలక ఎత్తించింది. గుంత అడుగున నీళ్ళు ఎర్రగా తిరుగుతున్నాయి. టేపు పెట్టి గోడకి దూరం కొలిచి రాసుకుంది. ఉత్తరం సోమవారానికల్లా సంఘం అధ్యక్షుడి పేరున వస్తుందని చెప్పి వ్యాను ఎక్కింది.

మిగతావాళ్ళు నోరీన్‌ని అనాల్సినవి అని వెళ్ళారు. మా డబ్బు మాకు రాకుండా చెయ్యబోయావా అని ఒకరు, ఇన్నాళ్ళూ పక్కింట్లో దొంగని పెట్టుకున్నామని ఇంకొకరు. చివరికి మెట్ల దగ్గర బెర్నార్డ్ ఒక్కడే మిగిలాడు. చేతికర్ర మీద బరువు మోపి నిలబడ్డాడు.

"శీతాకాలంలో అందరి కుండీలూ లోపలికి వెళ్తాయి," అన్నాడు. "నీవి మాత్రం ఎండిపోయినా అంగుళం కదలవు. అప్పుడే అనుకున్నా."

"తెలిసే చేశావన్నమాట."

"రుసుము అన్యాయం. అది వేరే సంగతి." గొంతు తగ్గించాడు. "మోకాలు పోయింది నోరీన్, నా ఫ్లాటుకి ఎక్కలేకపోతున్నా. పోయినేడు నీ ఫ్లాటు కొంటానని ధర చెబితే నా మొహం మీదే నవ్వావు. ఇప్పుడు ఆ ఉత్తరం చూస్తే నీ సాదియా పారిపోతుంది. కొనడానికి నేనొక్కణ్ణే మిగుల్తా. ఆ ధర కన్నా ఇంకాస్త దిగు."

"గుంత మీద పడుకుంటావా?"

"నాకేం దిగులు? కప్పు అందరిదీ, నీళ్ళు అందరివీ. దస్తావేజులోనే ఉంది. సంఘం డబ్బుతో తవ్వించి దూరంగా వేయించుకుంటా."

పై మెట్ల మీద చప్పుడైంది. చీపురు, బకెట్టుతో పనికి బయల్దేరిన గిలియన్ అక్కడే ఆగిపోయి ఉంది.

"సంఘం డబ్బంటే మా డబ్బే కదా బెర్నార్డ్," అంది. "నీ పడగ్గదికా?"

అతను చేతికర్రని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

నోరీన్ ఫోను తీసింది. అబద్ధం ఎలాగూ చచ్చింది. దాన్ని పూడ్చే పనైనా తన చేత్తో చెయ్యాలనుకుంది. లేకపోతే బెర్నార్డ్ చేతిలో పడుతుంది. సాదియా ఎత్తింది. నోరీన్ గుంత సంగతి, గోడ సంగతి, టిక్కు సంగతి, సింకు సంగతి వరసగా చెప్పింది. ఏదీ మెత్తగా చెప్పలేదు.



"బిడ్డ ఉయ్యాల పెట్టడానికి ఆ మూలే కొలిచాను ఆంటీ," అంది సాదియా. "టేపు రెండో చివర మీరే పట్టుకున్నారు."

"పట్టుకున్నా."

"దాన్ని ఎవరు తవ్విస్తారు?"

"సంఘం. దస్తావేజులో ఉందట. అధ్యక్షుడు ఇప్పుడే చెప్పాడు, పక్కనే ఉన్నాడు."

సాదియా షరతులు చెప్పింది. గుంత మార్పిస్తామని సంఘం రాతపూర్వకంగా ఇవ్వాలి, రేపు సాయంత్రంలోగా లాయరుకి చేరాలి. ధర అయిదువేల పౌండ్లు తగ్గాలి. ఇక మీద మీరు నాకు ఫోను చెయ్యకండి, కాగితాలు పంపండి అంది. లైను తెగిపోయింది.

బెర్నార్డ్ తల అడ్డంగా ఊపాడు. చచ్చినా సంతకం పెట్టనన్నాడు. గిలియన్ మెట్లు దిగి వచ్చి బకెట్టు అతని కాళ్ళ దగ్గర పెట్టింది.

"ఆ మూల మీదే నా ఇల్లు కూడా నిలబడి ఉంది," అంది. "తవ్వక తప్పదు, డబ్బు కట్టక తప్పదు. నువ్వు పెట్టకపోతే రేపు ఉదయమే మీటింగు పెట్టి, సంతకం పెట్టే ఇంకో అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటాం. పైవాళ్ళకి నువ్విప్పుడు అన్నది నేనే చెప్తా."

బట్టలు ఉతికే గదిలో, యంత్రం మీద కాగితం పెట్టుకుని బెర్నార్డ్ రాశాడు. మూడు వాక్యాలకి పదిహేను నిమిషాలు తీసుకున్నాడు. నోరీన్ ప్రతి పదమూ చదివి, తేదీ మర్చిపోయావని వేయించింది. గిలియన్ సాక్షి సంతకం చేసి, ఎవరికీ వెళ్ళొస్తానని చెప్పకుండా పనికి పోయింది.

బెర్నార్డ్ పెన్ను మూత పెట్టుకున్నాడు.

"ఫ్లీట్‌వుడ్‌లో ఇంతకన్నా ఎక్కువ వాన పడుతుంది," అన్నాడు. "వాళ్ళూ బిల్లు పంపుతారు."

"పంపనీ," అంది నోరీన్ కాగితం మడుస్తూ. "అక్కడ కప్పు నా ఒక్కదానిదే."