ఎడమ భుజానికి తుపాకి కొయ్య

సుష్మ పొడవాటి సంచిలోంచి తుపాకి బయటికి తీయగానే ఎల్లేశం చేతిలోని చిత్రిక పట్టే రంద పక్కన పెట్టాడు.

"ఏంది బిడ్డా ఇది? పోలీసోళ్లు రారు గద?"

"గాలి తుపాకి మేస్త్రీ. లైసెన్సు అక్కర్లేదు. కాగితం మీద గురిపెట్టి కొట్టే ఆటకి."

ఎల్లేశం ఖాజాగూడలో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. అరవై దాటాయి. సుష్మది అనంతపురం, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కిందట బైకు మీంచి పడి ఆమె కుడి భుజం ఎముక విరిగింది. అతికింది గానీ, తుపాకి ఆనిస్తే పది నిమిషాలకే నొప్పి. ఆట మానలేక ఎడమ భుజానికి మారాలనుకుంది. పాత తుపాకి ఇనుము బాగానే ఉంది. కొయ్యే కుడి భుజం వాళ్లకి చెక్కింది. చెంప ఆనే గుబ్బ ఎడమవైపు ఉంది; ఎడమ భుజానికి పెడితే అది కుడివైపు ఉండాలి.

"చెంప గీడనే ఎందుకు ఆనాలె?"

"కన్ను ప్రతిసారీ ఒకే చోట ఉండాలని. ఇక్కడ వెంట్రుకవాసి కదిలితే అక్కడ గురి తప్పుతుంది."

తలుపుల పనిలో అతన్ని ఎవరూ వెంట్రుకవాసి లెక్క అడగలేదు. సరే, కొత్త కొయ్య చేస్తానన్నాడు.

హఫీజ్‌పేటలో కూల్చిన ఇంటి నుంచి తెచ్చిన జిట్రేగి దూలం ముక్క తీశాడు. "నలభై ఏండ్లు ఎండిన కట్టె. ఇగ వంగదు."

ప్రతి ఆదివారం సుష్మ వచ్చి కూర్చునేది. అతను ఇనుముకి కాటుక పూసి, కొయ్యలో తొలిచిన గాడిలో పెట్టి, తీసి చూసేవాడు. నలుపు అంటినచోట ఉలితో పలచగా గీకేవాడు. మళ్లీ కాటుక, మళ్లీ ఉలి. నాలుగు వారాలకి ఇనుము గాడిలో కదలకుండా కూర్చుంది. తర్వాత పన్నెండు రోజులు అవిసె నూనె చుక్కలు వేసి, అరచేయి వేడెక్కేదాకా రుద్దాడు. ముదురు గోధుమరంగులో నల్లటి చారలు తేలాయి.

గురి కొట్టే రేంజికి తీసుకెళ్లిన రోజే సుష్మ ఫోన్ చేసింది. "కొయ్య పొడవైంది మేస్త్రీ. చంకలో తగులుకుంటోంది."

"నా కొలత తప్పదు. నేనే వచ్చి చూస్త."

వచ్చాడు. సుష్మ ఆటకి వేసుకునే మందపాటి కాన్వాసు కోటు తొడుక్కుని నిలబడి ఉంది. అతను కోటు అంచు వేళ్లతో నలిపి చూశాడు.

"ఇది ఏసుకొనే కొడ్తవా?"

"అవును. చెప్పలేదా?"

"చెప్పలె. నేను గూడ అడగలె."

వరండాలో కూర్చుని, కోటు మందం కొలిచి, కొయ్య చివర అరంగుళం కోశాడు. కోసినచోట నున్నగా రుద్ది నూనె పూశాడు.

"కండ్లు మూసుకొని భుజానికి పెట్టు. ఇగ తెరువు."

తెరిచేసరికి తుపాకి మీద గురిచూసే చిన్న రంధ్రంలో, కాగితం మీది నల్లటి గుండ్రం సరిగ్గా మధ్యలో ఉంది. మొదటి రెండు గుండ్లు అంచుల్లో పడ్డాయి. మూడోది నడిమికి దగ్గరగా, తొమ్మిది అంకె ఉన్న వలయంలో పడింది. అరగంట కొట్టినా భుజం నొప్పి పుట్టలేదు.

ఎల్లేశం కాగితం తెప్పించుకుని చిల్లులో చిటికెనవేలు పెట్టి చూశాడు.

"నేనొక్కటి కొట్టొచ్చునా?"

ఆమె గుండు పెట్టి అందించింది. అతను కుడి భుజానికి ఆనించి చెంప వాల్చాడు. గుబ్బ అవతలివైపు ఉంది. తల ఎంత వంచినా కన్ను రంధ్రానికి అందలేదు.

"నాకు కూసుంటలేదు, నీకే కూసుంది," అన్నాడు సంతోషంగా, తుపాకి ఆమెకే ఇచ్చేస్తూ.