అమ్మ ఏడవలేదు

రెండువేల పదకొండులో నగేష్ మా ఆత్మకూరుకు కెమెరా తెచ్చాడు. సూర్యాపేట కాలేజీలో పాఠాలు చెప్తాడు. మా ఊరు దొర మీద తిరగబడ్డ కాలం గురించి పావుగంట సినిమా తీస్తానన్నాడు. అందులో మా అన్న వీరేశం చావు ఉంది. సినిమాకు గొర్రెల మంద కావాలి. గొర్రెలు నావి. అందుకే నన్నూ రమ్మన్నాడు.

అమ్మ వేషం పుష్పలత టీచరుది. శవంలా పడుకున్న పిల్లగాడి మీద పడి ఆమె రొమ్ము బాదుకుంది. నేను గొర్రెలను మళ్లించుకొని బయల్దేరాను.

నగేష్ ఉరికొచ్చాడు. "తాతా, యాడికి? షూటింగ్ నడుస్తున్నది!"

"మా అమ్మ ఏడ్వలే."

"కొడుకు సస్తె ఏడ్వని తల్లుంటదా? సూసెటోళ్లు నమ్మాలె గదా."

నాకు మాటలు తక్కువ. ఆ రోజు చెప్పాల్సి వచ్చింది.

దొర మనుషులు అన్నను చంపి బాట మీద వేశారు. అన్నది ఏ ఇల్లో వాళ్లకు తెలియదు. ఎవరు ఏడిస్తే వాళ్ల ఇల్లు తగలబెట్టాలని కాపు కాశారు. మా అటక మీద దొర మీద కొట్లాడే సంఘం మనుషులిద్దరు దాక్కొని ఉన్నారు. ఇల్లు కాలితే వాళ్లూ పోతారు. అమ్మ మందతో ఆ బాటనే వచ్చింది. వెనక నేను, ఏడేళ్లవాణ్ణి. గొర్రెలు అన్నను గుర్తుపట్టాయి. చుట్టూ చేరి కదలలేదు.

"వీడు నీ కొడుకేనా?" అని అడిగారు.

"నాకు తెల్వదు" అంది అమ్మ. కర్రెత్తి గొర్రెలను కొట్టి తోలింది.

నగేష్ అడిగాడు. "మరి అందుల బాధ యాడుంది తాతా?"

"గొర్రెను కొట్టింది గద సారూ! మేం నోటితోటే మలుపుతం. కర్ర మేతకు కొమ్మలు వంచెతందుకు. మా అమ్మ గొర్రెను కొట్టింది గా ఒక్కనాడే."

"గది గొర్లు కాసెటోళ్లకు తెలుస్తది. సూర్యాపేటోళ్లకేం తెలుస్తది?"

"తెల్వకుంటె తెల్వకపోనీ. మా అమ్మను ఏడిపిస్తె నా గొర్రెలు రావు."

పుష్పలత చీర దులుపుకొని లేచింది. "నేను ఏడ్వను సార్. కర్రియ్యి తాతా."

మొదటి దెబ్బ మెల్లగా వేసింది.

"గట్ల గాదు బిడ్డా, గట్టిగ" అన్నాను. నా గొర్రెను నేనే కొట్టమన్నాను.

నెల తర్వాత సూర్యాపేటలో ఒక హాల్లో సినిమా వేశారు. తెర మీద అమ్మ గొర్రెలను తోలుకుపోతుంటే నా ముందు వరుసలో ఒకడు, "గిదేం తల్లిరా, బండరాయా?" అన్నాడు. పక్కవాడు నవ్వాడు.

నేను లేచాను. కూర్చోమని నగేష్ చెయ్యి లాగాడు. విదిలించుకున్నాను.

"ఆమె మా అమ్మ, సైదమ్మ. ఆడ పడున్నోడు మా అన్న వీరేశం. అరవై ఏండ్లు దాటినయ్. గిప్పుడు చెప్తున్న, ఆడు మావోడే! ఎవలొస్తరో రాండ్రి. కాలవెట్టుండ్రి నా ఇల్లు!"