కుడికి తిరిగే తొవ్వ

2008 జూలైలో జెస్సికా అనే అమ్మాయి ఖమ్మం నుంచి మా ఊరికి వచ్చింది. మాది పినపాక దగ్గర అడవి అంచున ఉన్న పల్లె. చర్చి పక్కన రేకుల షెడ్డులో ఆరు కుట్టుమిషన్లు వేయించి, మూడు నెలల పాటు బొంతలు కుట్టడం నేర్పిస్తామన్నారు. బొంతలు మాకు కొత్తవా అని నవ్వుకున్నాం. పాత చీరలు నాలుగు మడతలేసి ఎవరైనా కుడతారు. జెస్సికా నేర్పింది మాత్రం మేమెప్పుడూ చూడని పద్ధతి. ఆ షెడ్డులో నేనూ ఉన్నాను కాబట్టి, కళ్లారా చూసింది చూసినట్టు, విశ్రాంతమ్మక్క నోట విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఆ పద్ధతిలో ముందు కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. వంకరలుండకూడదు, అన్నీ తిన్నని గీతలే. ఒక్కో భాగానికి వరసగా నంబరు వేయాలి. గీతలున్న వైపు పైకి ఉండాలి, బట్టముక్కలు కాగితం కింద ఉండాలి. గీత మీదుగా మిషన్ నడిపి, ముక్కను మడిచి, ఎక్కువైంది కత్తిరించి, తర్వాతి నంబరు ముక్క పెట్టాలి. అన్నీ అయ్యాక కాగితం చింపేస్తే జానెడు గడి తయారవుతుంది. అలాంటి గడులు కలిపితే బొంత.

"ఒక్కటి యాదుంచుకోన్రి. కాగితం మీద గీసిన బొమ్మ బట్ట మీద తిరగబడి వస్తది, అద్దంల చూసినట్టు. కాగితం మీద ఎడమకున్నది బట్టకు కుడికొస్తది," అంది జెస్సికా మొదటి రోజే.

అందరికంటే ముందు పట్టుకున్నది విశ్రాంతమ్మక్క. నలభై మూడేళ్ల మనిషి, ఊళ్లో జాకెట్లన్నీ ఆమే కుట్టేది. పెళ్లి చేసుకోలేదు. తండ్రి చిన్నప్పుడే పోతే పెదనాన్న సవరయ్య పెంచాడు. ఇప్పుడు ఎనభై దాటిన ఆ ముసలాయనకు ఆమే వండిపెట్టేది. ఆమె పక్క మిషన్ మీద తండా నుంచి వచ్చే హేమ్లి కూర్చునేది. బట్టకు అద్దాలు కుట్టే పనిలో ఆమెను మించినవాళ్లు లేరు గానీ, కాగితం మీద కుట్టమంటే మాత్రం విసుక్కునేది.

ఆగస్టు చివర్లో జెస్సికా, ఎవరి బొంత వాళ్లే సొంతంగా గీసుకోవాలంది. తొమ్మిది గడులు, ఎవరికి నచ్చింది వాళ్లు. నేను ఆకులు గీశాను. హేమ్లి నక్షత్రం గీసింది. విశ్రాంతమ్మక్క మాత్రం ఒక వాగు, వాగు దాటాక రెండుగా చీలే బండ్ల బాట, చుట్టూ అడవి గీసింది. బాటలో ఎడమకు పోయేది వెడల్పుగా పసుపురంగులో రావాలనీ, రెండోది కనపడనక్కర్లేదనీ చెప్పింది.

ఆ చోటు మా అందరికీ తెలుసు. ఎడమ బాట గోదావరి ఒడ్డుకు పోతుంది. కుడి బాట పాత గూడెం వైపు. అక్కడిప్పుడు ఎవరూ లేరు. అటు ఎవరూ పోరు, దాని అసలు పేరు కూడా ఎవరూ పలకరు.

ఆమె ఆ చోటే ఎందుకు గీసిందో కూడా మాకు తెలుసు. 1974 వేసవిలో బీడీల కోసం తునికాకు కోతకు పోయినప్పుడు ఆమె చెల్లెలు ఎస్తేరు అక్కడే తప్పిపోయింది. ఎస్తేరుకు ఆరేళ్లు, ఈమెకు తొమ్మిది. ఈమె కూర్చుని ఆకు కట్టలు కడుతుంటే, దప్పికైతుందని చిన్నది లేచి ముందుకు నడిచింది. ఎటు పోయిందని అడిగితే ఈమె ఎడమకని చెప్పింది. ఊరి మగవాళ్లు మూడు రోజులు గోదావరి దాకా వెతికి, పిల్లను నది తీసుకుపోయిందని తిరిగి వచ్చారు.

బాట చీలే గడిని ఆమె ఎంతో జాగ్రత్తగా గీసింది. బట్ట మీద ఎడమకు రావాలి కాబట్టి కాగితం మీద కుడికి గీసింది. జెస్సికా చూసి సరే అంది. మధ్యాహ్నానికి కుట్టడం అయిపోయింది. తిప్పి చూస్తే పసుపు బాట కుడికే ఉంది.

"మరిచిపోయి ఎడమకే గీసిన్రేమో అక్కా," అంది జెస్సికా.

కాగితం ఇంకా చింపలేదు. విశ్రాంతమ్మక్క ఇటు తిప్పి చూసింది. కాగితం మీద బాట కుడికే ఉంది. అటు తిప్పింది. బట్ట మీదా కుడికే. రెండు వైపులా కనపడేది ఒకే కుట్టు. జెస్సికా నాలుగైదు సార్లు తిప్పి, ఆ గడిని బల్ల మీద పెట్టి, చేతులు చున్నీకి తుడుచుకుంది. షెడ్డు మీద వాన పడుతోంది.

మర్నాడు జెస్సికానే కొత్త కాగితం తీసుకుని గీసింది. తనే ముక్కలు కత్తిరించింది. విశ్రాంతమ్మక్క మిషన్ తొక్కుతుంటే మేమంతా చుట్టూ నిలబడి సూది కిందికే చూస్తున్నాం. ఒకటి, రెండు, మూడు, నంబరు తర్వాత నంబరు సరిగ్గానే కుట్టింది. కుట్టడం అయ్యాక తిప్పి చూస్తే మళ్లీ కుడికే.

"గిదేంది మేడం? గిట్ల కూడ అయితదా?" అన్నాను నేను.

"కాదు," అంది జెస్సికా. "గిట్ల కాదు." ఆ సాయంత్రం ఆమె ఫాదర్ గారిని పిలిపించి షెడ్డులో ప్రార్థన చేయించింది. మూడోసారి కుట్టమని మాత్రం ఎవరూ అనలేదు.

విశ్రాంతమ్మక్క ఆ గడిని పారేయలేదు. మిగతా ఎనిమిదీ కుట్టి తొమ్మిదింటినీ కలిపింది. అందులో ఒక గడి జెస్సికా మొదట్లో నేర్పిన నమూనా. నడుమ చతురస్రం, చుట్టూ సన్నని పట్టీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోవాలి. నడుమ ఎర్రది పెట్టాలి. ఎర్రబట్ట అయిపోయిందని నల్లది పెట్టింది. బొంత నేలమీద పరిస్తే ఆ గడి కుడి బాట చివర పడింది.

హేమ్లి వచ్చి బొంతను చాలాసేపు చూసింది.

"పాత గూడెం బాయి ఎప్పుడు చూసినవే నువ్వు?" అంది.

"నేనెప్పుడు పోయిన ఆడికి? ఏం బాయి?"

"గిదే. నాలుగు పక్కల రాళ్లు పేర్చిన బాయి. చిన్నప్పుడు మా నాయిన ఎంబడి బర్లను ఎతుక్కుంట పోయి చూసిన. చుక్క నీళ్లుండవు. లోపల గిట్లనే నల్లగుంటది."

విశ్రాంతమ్మక్క బొంత మడత పెట్టి నేరుగా ఇంటికి పోయింది. సవరయ్య వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడట. "పెదనాన్నా, పాత గూడెంల బాయి ఉన్నదా?" అని అడిగింది. ముసలాయన చేతిలో గ్లాసు ఒరిగి, చాయ్ పంచె మీద పడింది. కాలినా ఆయన గ్లాసు దించలేదు. "ఆ దిక్కు పోకు బిడ్డా," అన్నాడు. "ఎవరు చెప్పిన్రు నీకు?" అని మూడుసార్లు అడిగాడు.

మూడో రోజు పొద్దున పది గంటలకు నలుగురం బయల్దేరాం. విశ్రాంతమ్మక్క, హేమ్లి, నేను, హేమ్లి తమ్ముడు రామ్‌సింగ్. అతను అటవీ శాఖలో వాచర్. గొడ్డలి, పెద్ద తాడు తెచ్చుకున్నాడు. వాన వెలిసి ఎండ కాస్తోంది. వాగు మోకాళ్ల లోతు ఉంది.

వాగు దాటాక కుడివైపు బాట ఏమీ కనిపించలేదు. ముప్పై ఏళ్ల పొదలు. రామ్‌సింగ్ గొడ్డలితో దారి చేయబోయాడు. విశ్రాంతమ్మక్క అతన్ని దాటుకుని ముందుకు నడిచింది. పొదలో ఒకచోట వంగి, ఒకచోట పక్కకు తిరిగి, ఎక్కడా ఆగకుండా పోయింది. ఆమె నడిచిన చోటల్లా పొదల కింద బండి చక్రాల గాడి ఉంది. అరిచే పిట్టలు వాగు దగ్గరే ఆగిపోయాయి. మా ఊపిరి మాకే వినిపిస్తోంది.

కొంత దూరం పోయాక హేమ్లి నా భుజం పట్టుకుంది.

"సరళా, పిలిచినవా నన్ను?"

"లేదు."

"అక్కా అన్నవ్."

"నేననలే."

ముందు నడుస్తున్న విశ్రాంతమ్మక్క వెనక్కి తిరగలేదు. "నన్ను పిలుస్తున్నది," అంది. "వాగు కాడి నుంచి పిలుస్తనే ఉన్నది. పలకకున్రి మీరు."

నాకు మాత్రం ఏమీ వినిపించలేదు.

పాత గూడెంలో ఇళ్లు లేవు. మట్టిదిబ్బలు, వాటి మీద టేకు మొక్కలు, విరిగిన తిరగలి ఒకటి. దిబ్బల అవతల బావి ఉంది. నాలుగు పక్కలా రాళ్లు పేర్చి కట్టింది, సరిగ్గా ఆ గడిలాగే. ఒకవైపు రాళ్లు కూలి ఉన్నాయి. వానాకాలమైనా నీళ్లు లేవు. అడుగంతా ఆకులు.

రామ్‌సింగ్ తాడు చెట్టుకు కట్టి దిగాడు. ఆకులు తీసే చప్పుడు చాలాసేపు వినిపించింది. తర్వాత ఆగిపోయింది. అతను పైకి వచ్చాడు. గుప్పిట విప్పి చూపించాడు. కిలుం పట్టిన చిన్న ఇత్తడి సిలువ, మెడలో దారానికి కట్టేది.

విశ్రాంతమ్మక్క దాన్ని తీసుకోలేదు. బావి గట్టు మీద కూర్చుని, రవికె లోపలి నుంచి తన దారం పైకి లాగి చూపించింది. అలాంటిదే. వాళ్లమ్మ ఇద్దరికీ ఒకే రోజు కట్టిందట.

"కింద ఇంకేముంది?" అని అడిగింది.

"పోలీసులకు చెప్పాలె అక్కా," అన్నాడు రామ్‌సింగ్.

"కాలు ఇరిగిందా?"

అతను తల దించుకున్నాడు. "అవ్. ఓ పక్కకు జరిగి, గోడకు ఆనుకుని ఉన్నది. పడంగనే పోయినట్టు లేదు."

పోలీసులు వచ్చారు, పంచనామా రాసుకున్నారు. నెలన్నర తర్వాత ఎముకలు అప్పగించారు. చిన్న పెట్టెలో సర్ది, పైన ఆ బొంత కప్పి, చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చిపెట్టాం. ఆ బొంతను ఖమ్మంలో ప్రదర్శనకు పెట్టాలనుకున్న జెస్సికా దాన్ని తనే రెండు చేతులతో పెట్టె మీద పరిచింది. సవరయ్య రాలేదు. కాళ్లు రావడం లేదన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది తర్వాత విశ్రాంతమ్మక్కే నాకు చెప్పింది.

ఆమె పొయ్యి మీద బియ్యం పెట్టి, పెదనాన్న కాళ్ల దగ్గర కూర్చుంది. "పెదనాన్నా, నా నోరే దాన్ని సంపింది," అంది. "ఎడమకని నేనెందుకు చెప్పిన్నో. నా కండ్లల్ల ఇప్పటికి అట్లనే ఉన్నది, పచ్చ గౌను ఏసుకుని ఎడమకు పోతున్నట్టే."

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు కుడికే అని చెప్పినవ్ బిడ్డా."

ఆమెకు అర్థం కాలేదు.

"చెయ్యి చాపి మరీ చూపించినవ్. ఆ గూడెంల మసూచి వచ్చి అందరు పోయి అప్పటికి పదేండ్లు కూడ కాలే. పూడ్చేటోళ్లు లేక ఇండ్లల్లనే వదిలేసిన్రు. ఒక్కడు కూడ ఆడ కాలు పెట్టనన్నడు. పెద్దోణ్ణి నేను. నేను పోతే ఎనక వచ్చెటోళ్లు. నాకు గూడ భయమైంది." ఆయన కాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడట. "పిల్లకు తెల్వదు, ఎడమకే పోయింది అన్న. నువ్వు ఏడ్సుకుంట కాదు కుడికే అన్నవ్. పదిసార్లు అడిగిన. పదిసార్లు గదమాయించిన. ఆకరికి నువ్వే ఎడమకన్నవ్."

పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చింది. ఆమె లేవలేదు.

"రెండో నాడు పొద్దుగూకే యాళ్లకు వాగు కాడ నిలబడ్డం. ఆ దిక్కు నుంచి పిల్ల ఏడుపు ఇనొచ్చింది. అందరం ఇన్నం. నక్క అన్న నేను. ఇంకెవ్వడు మాట్లాడలే." ఆయన అరచేతులతో చెవులు మూసుకున్నాడు. "ముప్పై నాలుగేండ్ల సంది ఇనొస్తనే ఉన్నది. నిన్న సందెల దాక ఇనొచ్చింది. ఇయ్యాల ఇనొస్తలేదు. ఇనొస్తలేదంటే ఇంక భయమైతున్నది బిడ్డా."

ఆమె లేచి, మాడిన అన్నం పక్కకు తీసి, మిగిలింది కంచంలో పెట్టి ఆయన ముందుంచింది. తను తినలేదు. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, జ్వరమొస్తే మణుగూరు దవాఖానాకు ఆటోలో తీసుకుపోయింది. ఒక్క మాట కూడా లేదు. ఆయన మాత్రం రోజూ ఒకే మాట చెప్పేవాడట. "నేను పోయినంక ఆ పిల్ల పక్కన పెట్టకున్రి నన్ను. ఓర్సుకోదు."

మరుసటి ఏడు వానల్లో ఆయన పోయాడు. గోతులు తవ్వే బొజ్జయ్య పార భుజాన వేసుకుని వచ్చి, ఎక్కడ తవ్వాలని అడిగాడు. విశ్రాంతమ్మక్క గొడుగు లేకుండా సమాధుల తోటలో నడిచి, ఎస్తేరు సమాధి దగ్గర కాసేపు నిలబడింది. అక్కడి నుంచి నాలుగడుగులు వేసి కాలి బొటనవేలితో నేల మీద గీత గీసింది.

"ఈడ తవ్వు."

బొజ్జయ్య ఆ గీతకూ చిన్న సమాధికీ మధ్య ఖాళీని చూశాడు. "నడుమ గింత జాగ ఎందుకమ్మా? ఒక మనిషి పడతడు."

"అది నాది," అంది ఆమె. "ఇద్దరి నడుమ నేనుంట."