నాన్న మైకులో పెదనాన్న

ఆగండి. ఒక్క క్షణం చెవులు ఇటు పెట్టండి. పియానో పరుగెడుతోంది, దాని వెనక డ్రమ్స్ మీద బ్రష్‌లు చీపురుతో ఊడ్చినట్టు గీసుకుంటున్నాయి, ట్రంపెట్ ఇంకా ఊపిరి బిగపట్టుకునే ఉంది. ఇదిగో, ఇప్పుడు. వినిపించిందా? పియానో మీద ఒక స్వరం పక్కకి జారింది. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ లేనట్టు.

అంతే, ట్రంపెట్ ఆ జారిన స్వరాన్నే అందుకుంది. ఒకసారి, మళ్లీ ఒకసారి, మూడోసారి ఇంకాస్త పొగరుగా. అసలు ఈ పాట బయలుదేరిందే ఇక్కడికి రావడానికి అన్నట్టు.

జారింది మా పెదనాన్న. అందుకున్నది మా నాన్న. ఆ చోటుని ఉంచాలో తీసేయాలో తేల్చాల్సింది నేను, అదీ ఈ సాయంత్రంలోపు.

నేను సౌండ్ ఎడిటర్‌ని. ముందుగా ఏమీ రాసుకోకుండా, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్ వాళ్ల మీద ఒక డాక్యుమెంటరీ తయారవుతోంది, దాని సౌండ్‌ట్రాక్ మొత్తం నా నెత్తి మీదే ఉంది. సినిమాలో వ్యాఖ్యానం ఉండదు. కథంతా సంగీతమే చెప్పాలని డైరెక్టర్ పట్టుదల. చివర్లో ఈ పాట మొదటినుంచి ఆఖరిదాకా ఆగకుండా వస్తుంది. నన్నే ఎందుకు పెట్టుకున్నారని అడిగితే, "వాళ్లింట్లో పుట్టినదానివి, ఎవరు దగ్గారో కూడా చెప్పేస్తావు" అంది ఆవిడ. నిజమే, చెప్పేస్తాను. వచ్చిన చిక్కంతా అదే.

వీళ్లలో ఒక పద్ధతుంది. ఒకడు తప్పు స్వరం వాయిస్తే పక్కవాడు దాన్ని సరిదిద్దడు, విననట్టు దాటెయ్యడు. అదే తప్పుని తనూ వాయిస్తాడు. ఒక్కసారి వస్తే అది తప్పు, రెండోసారి కూడా వచ్చిందంటే కావాలని చేసిందే. నాన్న దీన్ని "ఎత్తుకోవడం" అంటాడు, పడ్డ పిల్లని ఎత్తుకున్నట్టు. చిన్నప్పుడు భోజనాల దగ్గర నేను చెంచా కింద పడేస్తే నాన్న తన చెంచా కూడా పడేసేవాడు. అమ్మ ఇద్దర్నీ కలిపి తిట్టేది, నా వాటా తిట్లు సగానికి తగ్గేవి.

మరి ఎత్తుకుంటే గొడవెందుకయిందంటారా? షూటింగ్ అయిపోయాక లైట్లు ఇంకా ఆర్పకముందే నాన్న అందరి ముందూ అడిగేశాడు. "అన్నయ్యా, వేలు మళ్లీ మొద్దుబారిందా?"

ఆ 'మళ్లీ' కొంప ముంచింది. పెదనాన్న కుడిచేతి ఉంగరం వేలు కొన్నాళ్లుగా మాట వినడం లేదు. ఆ సంగతి అన్నదమ్ములిద్దరికే తెలుసు, ఇప్పుడు గదినిండా తెలిసిపోయింది. పెదనాన్న పియానో మూత వేసి, కోటు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. అప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవు. కోటు మా ఇంట్లో తలుపు వెనక వేలాడుతోంది. నాన్న దాన్ని ఇస్త్రీ కూడా చేయించాడు, పట్టుకెళ్లి ఇవ్వడు మాత్రం.

పొద్దున పెదనాన్న ఫోన్ చేశాడు.

"అమ్మలూ, ఆ చోటు కోసి పారెయ్."

"కోస్తే పాట ఏమవుతుందో..."

"పాట సంగతి తర్వాత, ముందు నా సంగతి చూడు. సాయంత్రాలు వాయించే హోటల్ ఒక్కటే మిగిలింది నాకు. వాడిప్పటికే పియానో తీసేసి స్పీకర్లు పెట్టుకుంటానంటున్నాడు. వేలు పోయిందని వాడికి సినిమా తీసి మరీ చూపిస్తారా?"

డైరెక్టర్‌ని అడిగితే, "ఉంటే నాకు ఇష్టం, కానీ ఆయన పొట్ట మీద కొట్టి కాదు. మీ ఇంటి విషయం, నువ్వే తేల్చు. సాయంత్రానికి మాత్రం నా చేతిలో పడాలి" అని పెట్టేసింది. చూశారా, ఎంత చక్కగా నా మీదకి నెట్టేసిందో.

సరే, కోశాను. ఒక్కో వాయిద్యానికి ఒక్కో మైకు ఉంటుంది కాబట్టి ఒకదాన్ని కదిపినా మిగతావి అలాగే ఉంటాయి. పియానో మైకులో జారిన స్వరాన్ని తీసేసి, అదే పాటలో అంతకుముందు పెదనాన్న సరిగ్గా వాయించిన స్వరాన్ని తెచ్చి అక్కడ అతికించాను. ఆ క్షణంలో కెమెరా నాన్న ముఖం మీద ఉంది, వేళ్లు ఎవరికీ కనిపించవు. అబ్బ, అతుకు నాకే తెలీలేదు. మురిసిపోతూ అన్నీ కలిపి విన్నాను.

జారిన స్వరం ఇంకా అక్కడే ఉంది.

సన్నగా, గోడ అవతల మాటల్లా. ఎక్కణ్ణించి వస్తోందో వెతుకుతూ ఒక్కో మైకూ మూసుకుంటూ పోతే ఆఖరికి ట్రంపెట్ మైకులో దొరికింది. నాన్న ఎప్పుడూ పియానో పక్కకి దూరి, అన్నయ్య భుజం తగిలేంత దగ్గరగా నిలబడి వాయిస్తాడు. ఎవరెంత చెప్పినా జరగడు. అందుకే నాన్న మైకులో కూడా పెదనాన్న ఉన్నాడు.

పళ్ల బిగువున అదీ తుడిచేశాను. మళ్లీ విన్నాను. ఇప్పుడు నాన్న పిచ్చివాడిలా వినిపించాడు. పాట ఒక దారిన పోతుంటే తనొక్కడే సందులోకి తిరిగి ఎవరినో కేకలేస్తున్నట్టు. పోనీ నాన్న ముక్క కూడా తీసేద్దామని చూస్తే పాటకి పన్ను ఊడినట్టయింది. ఉంచాను, తీశాను, మళ్లీ ఉంచాను. కుర్చీలో కూర్చోలేక లేచి ఎడిటింగ్ గదిలోనే తిరుగుతుంటే తలుపు తోసుకుని పెదనాన్న వచ్చాడు, కోటు లేకుండా, చేతులు చంకల్లో పెట్టుకుని.

"ఇది గదా, అగ్గిపెట్టా?"

"నాన్న ప్రాక్టీసు గదికన్నా పెద్దదే పెదనాన్నా."

"వాడి ఊసెత్తకు. వినిపించు."

అతికించిన పాట పెట్టాను. తన వేళ్లు పరుగెడుతుంటే ఆయన గడ్డం పైకి లేచింది. జారిన చోటు రానే వచ్చింది, జారకుండా దాటేసింది. ఆ వెంటనే నాన్న.

పెదనాన్న నావైపు తిరిగాడు. "వీడికేమైంది? ఎటు పోతున్నాడు?"

"నీ వెనకే వచ్చాడు. నిన్ను అక్కణ్ణించి తీసేశాను కదా."

పెదనాన్న అసలుది పెట్టమన్నట్టు చెయ్యి ఊపాడు. పెట్టాను. స్వరం జారగానే కళ్లు మూసుకున్నాడు. నాన్న ఒకసారి, రెండోసారి.

"అదుగో, వెక్కిరిస్తున్నాడు. వినపడటం లేదూ?"

"ఆగు. నీ ఎడమచెయ్యి విను." పియానో కింది స్వరాలు పెంచాను. నాన్న మూడోసారి వాయించగానే, ఆ అడుగునుంచి పెదనాన్న ఎడమచెయ్యి అదే స్వరాన్ని అందుకుంది. జారి కాదు, గట్టిగా, తాపీగా నొక్కి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఎక్కడికో వెళ్లిపోయారు.

"ఇది నేనేనా?"

"కాక, హోటల్ వాడా?"

నవ్వొచ్చింది ఆయనకి, కానీ బయటికి రానివ్వలేదు. బొటనవేలితో ఉంగరం వేలు రుద్దుకుంటూ కూర్చున్నాడు. "వాయించేటప్పుడు నాకు కోపం లేదే. మీ నాన్న బూర నోట్లో ఉన్నంతసేపూ మంచోడే. తీసి మాట్లాడితేనే..."

"మరి ఉంచేయనా?"

"హోటల్ వాడు ఎడమచెయ్యి వింటాడా అమ్మలూ? జారింది వింటాడు." లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. "ఏది పంపుతావో నాకు చెప్పకు. సినిమా మొదటిరోజు హాల్లో మీ నాన్న పక్క సీటు నాకుంచు. అక్కడే వింటా. కోటు తెమ్మను, అక్కడ చలి చంపేస్తుంది."

ఆయన మెట్లు దిగకముందే నాన్నకి ఫోన్ చేశాను. హోటల్ సంగతంతా చెప్పాను. కోటు అనగానే అవతల తలుపు వెనక హ్యాంగర్ తీసిన చప్పుడైంది.

"నా ముక్క తీసెయ్" అన్నాడు. "మొత్తం తీసెయ్. అన్నయ్య పని పోకూడదు."

"పన్ను ఊడినట్టుంటుంది నాన్నా."

"ఉండనీ." పెట్టేస్తాడనుకున్నాను, పెట్టలేదు. "తీసేముందు ఒక్కసారి వినిపించవే."

ఫోన్ స్పీకర్ దగ్గర పెట్టాను. పాట నడుస్తుంటే అవతల నాన్న సన్నగా గొంతు కలిపాడు. తన ట్రంపెట్‌తో కాదు, పెదనాన్న ఎడమచేత్తో.

ఇప్పుడు రెండూ తెర మీద పక్కపక్కనే ఉన్నాయి. జారింది ఒకటి, జారనిది ఒకటి. జారనిదాంట్లో ఆ చోట నాన్న లేడు, కానీ పెదనాన్న హోటల్ పని నిలుస్తుంది. కిటికీలో ఎండ గోడ దిగిపోతోంది, డైరెక్టర్ నంబర్ నుంచి ఫోన్ మోగి, ఆగి, మళ్లీ మోగుతోంది, నా వేలు మౌస్ మీద ఒక్కచోట నిలవడం లేదు. మీరైతే ఏది పంపుతారు?