నాలుగు ముక్కల నవల

మా ఇంట్లో కొత్త నవల రాగానే చేసే మొదటి పని దాన్ని కోయడం. విన్నవాళ్ళు గుండెలు బాదుకుంటారు గానీ, మా నాన్న పుస్తకాలకు బైండింగు చేస్తాడు. మా ముందుగదే ఆయన దుకాణం. ఒక్క నవల కోసం నలుగురం కొట్టుకుచావడం చూడలేక, ఒకసారి అట్ట ఊడదీసి, కుట్టు కోసి, నాలుగు భాగాలు చేసి తలా ఒకటి చేతిలో పెట్టాడు. అప్పటినుంచీ అదే ఆనవాయితీ. ఎవరి భాగం వాళ్ళు ముగించి మార్చుకుంటాం. అందరిదీ అయ్యాక నాన్న మళ్ళీ కుట్టి అలమరలో పెడతాడు. తను మాత్రం చదవడు. "చదివేవాళ్ళు చదవండి, కుట్టడానికి నేనున్నాను" అంటాడు.

మొదటి భాగం ఎప్పుడూ నాయనమ్మది. చివరిది అమ్మది, ఓపిక తక్కువ గనక. మధ్యవి అన్నయ్యకూ నాకూ. మొన్నటి డిటెక్టివ్ నవలలో డాక్టరు దేవుడిలాంటివాడని నాయనమ్మ మురిసిపోతుంటే, "ఆ దేవుడే చంపింది" అని అమ్మ చల్లగా చెప్పింది. చచ్చిందెవరో మాత్రం అమ్మకు తెలియదు. తర్వాత వచ్చిన ప్రేమ నవలకు అన్నయ్య తీర్పు ఒక్క ముక్కే: "ఇద్దరిలో ఒక్కరు ఫోన్ చేసుంటే నవలే లేదు." బహుమతి వచ్చిన లావుపాటి నవలలో తన వాటాను నాయనమ్మ దిండు కింద పెట్టుకుని "ఎత్తు బాగా కుదిరింది" అంది. మావాళ్ళ నోటినుంచి మెప్పు రాబట్టడం రాతినుంచి నార తీయడమే.

అలాంటి ఇంటికి నేను రాసిన మొదటి నవల అచ్చయి వచ్చింది.

తిడతారని కాదు నా భయం. తిట్టరేమోనని. సొంతపిల్ల కదా అని "బాగుందమ్మా" అనేసి పక్కన పెట్టారంటే, నేనిక కలం పట్టలేను.

అనుకున్నంతా అయింది. నాన్న జిగురు చేతులు కడుక్కుని వచ్చి, పుస్తకాన్ని రెండు చేతులా అందుకుని, అద్దాల అలమరలో నిలబెట్టాడు.

"దీన్ని కొయ్యను. నా కూతురి పుస్తకం" అన్నాడు. అమ్మ కళ్ళొత్తుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "కొయ్యని నవల ఈ ఇంట్లో ఎవరైనా చదివారా నాన్నా?" అంటూ దాన్ని తీసి బల్లమీద పెట్టి, కత్తి ఆయన చేతికిచ్చాను. నాన్న చాలా మెల్లగా కోశాడు. రాసినదాన్ని నేనే చదవడమేమిటి, నా వాటా ఆయనకే అంటగట్టాను.

ఆ తర్వాత ఎవరి భాగం వాళ్ళు పట్టుకుని తలో మూలా చేరారు. నేను కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరిగాను. ఆదివారం భోజనాల దగ్గర అన్నయ్య మొదలుపెట్టాడు.

"నా భాగం నిద్రమాత్రే. ఆ హీరోయిన్ రైలు ప్రయాణం ఎంతకీ తెమలదు."

"ఆ పిల్ల ఇల్లొదిలి పోతోందిరా, ఊరికే తెములుతుందా?" నాయనమ్మ కసిరింది. "అయినా సొంత చెల్లెలికి ఒక్క మాట చెప్పకుండా పోవడమేంటి? పొగరు!"

"పొగరు కాదత్తయ్యా, బాధ. చివర్లో ఎంత ఏడ్చిందో నేను చదివాగా" అంది అమ్మ.

"ఏడుపా? నాటకం!"

నాన్న పళ్ళెంలోంచి తలెత్తాడు. "నాటకమంటే ఒప్పుకోను. నా భాగంలో ఉంది. పోయేముందు చెల్లెలి తెగిన చెప్పులు బాగుచేయించి గుమ్మంలో పెట్టింది. పొగరున్న మనిషి చేసే పనేనా అది?"

నాన్న ఒక నవల గురించి మాట్లాడగా వినడం నాకదే మొదటిసారి. నాయనమ్మ ఊరుకోలేదు, అన్నయ్య గొంతు పెంచాడు, కూర చల్లారిపోయింది. నేనిక ఆగలేకపోయాను.

"అసలు ఆమె చెల్లెలికి ఎందుకు చెప్పలేదంటే..."

"నువ్వుండవే!" అమ్మ నా మీద విరుచుకుపడింది. "ఆ పిల్ల సంగతి నీకేం తెలుసు?"

ఎవరూ నవ్వలేదు. ఏమన్నదో అమ్మకే తట్టలేదు. వాళ్ళు మళ్ళీ ఆ పిల్ల మీద పడ్డారు, నేను గర్వంతో ఉబ్బిపోతూ నోరు మూసుకుని కూర్చున్నాను.