బీము నడుము

నేను మా ఆయన చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తుంటే, నా నెత్తిన పాలు పోసినవాడిలా మొహం పెట్టుకుని వచ్చాడాయన.

"నీ డ్రాయింగులో తప్పు సర్దేశానులే. బీముల చివర్లు కోసేసిన చోటల్లా పలకలు పెట్టి వెల్డింగ్ చేయించాను. ఎవరికీ చెప్పలేదు."

మా ఇద్దరిదీ ఒకటే కంపెనీ. కడుతున్న ఆసుపత్రికి డిజైన్ నాది, సైటు ఆయనది. ఉక్కు బీములు, కాంక్రీటులో పొదిగిన ఉక్కు స్తంభాలు. బీము స్తంభాన్ని చేరబోయే ముందు దాని అంచుల్ని కావాలనే చెక్కించాను. మా డిజైన్ గదిలో దాన్ని నడుము అంటాం. భూకంపం వస్తే వంగాల్సింది ఆ నడుమే. అక్కడ వంగితే ఊపు చాలావరకు తీరిపోయి స్తంభం నిలబడుతుంది. అక్కడే పలక అతికితే, దెబ్బంతా వెళ్లి బీమూ స్తంభమూ కలిసే అతుకు మీదా స్తంభం మీదా పడుతుంది. స్తంభం పోతే, పై అంతస్తుల్లో మంచం దిగలేని రోగులంతా పోయినట్టే.

"తప్పు కాదండీ అది. పూడ్చకూడదని డ్రాయింగు మీదే రాశాను. చదవలేదా మీరు?"

"నువ్వు రాసిందేగా, చదివేదేముందిలే అనుకున్నా."

నేను వండిన కూరలో రుచి చూడకుండానే ఉప్పు కలుపుకునే మనిషి. నలుగురిలో నేను మాట మొదలుపెడితే "తన ఉద్దేశం ఏంటంటే" అంటూ ముగించేదీ ఆయనే. ఒళ్లు మండిపోయింది. అంతకన్నా ఎక్కువ మండింది దేనికంటే, ఆయన "తప్పు" అనగానే నా బుర్రలో లెక్క మళ్లీ మొదటికొచ్చింది, నిజంగా నేనే పొరబడ్డానేమోనని.

హాల్లోంచి అత్తగారు అందుకుంది. "వాడు నిన్ను వెనకేసుకొచ్చాడమ్మా! ఇంకొకడైతే అందరిలో నీ పరువు తీసేవాడు."

"రేపు స్లాబు పోస్తున్నాం," అన్నాడాయన గొంతు తగ్గించి. "ఇప్పుడు పీకిస్తే సైటంతా నన్ను చూసి నవ్వుతుంది. తనిఖీ కాగితం మీద సంతకం పెట్టెయ్. ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటుంది."

ఇస్త్రీపెట్టె ఆపేసి, ఆయన ఎదురుగానే చీఫ్ ఇంజనీరుకు ఫోన్ చేశాను. స్లాబు ఆపాలనీ, పలకలు తీయించి ప్రతి బీమూ నేను చూడాలనీ, పాడైనవి మార్చాల్సిందేననీ చెప్పాను.

"ఎవరమ్మా చేయించింది?" అన్నారు చీఫ్ ఇంజనీరు.

మా ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఇలాంటప్పుడు "నాదే పొరపాటండీ" అనడం ఇన్నేళ్లుగా నా నోటికి అలవాటు.

"సైటు ఇంజనీరు," అన్నాను, ఆయన కళ్లలోకి చూస్తూ. "డ్రాయింగు చదవకుండా."